విల్లో తోటకు కట్టెల ధర చాలదు

హెక్టారుకు ఏటా పది పన్నెండు టన్నుల ఎండు కర్ర. విల్లోను ఇంధన పంటగా వేయమని చెప్పేవాళ్లు యూరప్‌లో మొదట చూపించే అంకె ఇది. అబద్ధమేమీ కాదు, పరిశోధన క్షేత్రాల్లో నిజంగానే అంత పండింది. అయితే స్వీడన్ రైతుల పొలాల్లో 1989 నుంచి 2005 దాకా పెరిగిన రెండు వేల పైచిలుకు తోటల లెక్కలు తీసి చూసినప్పుడు మొదటి కోతలో సగటున వచ్చింది ఏటా 2.6 టన్నులే. రెండో కోతలో 4.2, మూడో కోతలో 4.5. మడిలో పండినదానికీ పొలంలో పండినదానికీ తేడా ఏ పంటకైనా ఉంటుంది. కానీ నాలుగో వంతుకు పడిపోవడం మామూలు సంగతి కాదు. విల్లో గురించి దశాబ్దాలుగా సాగుతున్న చర్చను ఈ తేడా దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఎందుకంటే దీనికి జవాబు చెట్టులో తక్కువ, రైతు చేసుకున్న లెక్కలో ఎక్కువ దొరుకుతుంది.

విల్లో అనగానే మనకు గుర్తొచ్చేది క్రికెట్ బ్యాటు. బ్యాటుకు వాడేది పెద్ద మానుగా పెరిగే జాతి. ఇంధనం కోసం వేసేది బుట్టలల్లే పొద విల్లో, దాని సంకరాలు. మన కొండవాగుల ఒడ్డున పెరిగే ఏటిపాల కూడా ఈ కుటుంబానిదే. శీతాకాలంలో కోసి చల్లగా దాచిన ఏడాది వయసు కొమ్మలను వసంతంలో జానెడు ముక్కలుగా నేలలో గుచ్చుతారు. హెక్టారుకు సుమారు 15 వేల ముక్కలు. జంట వరసల మధ్య 75 సెంటీమీటర్లు, జంటకూ జంటకూ మధ్య ట్రాక్టర్ చక్రం పట్టేలా మీటరున్నర వదులుతారు. మొదటి చలికాలంలో మొక్కను నేలమట్టానికి నరికేస్తారు. అప్పుడు ఒక్కో మోడు నుంచి గుంపుగా పిలకలు లేస్తాయి. అవి మూడు నాలుగేళ్లలో ఆరేడు మీటర్ల ఎత్తవుతాయి. ఆకు రాలాక, నేల గడ్డకట్టి గట్టిపడ్డాక యంత్రంతో కోసి అక్కడికక్కడే ముక్కలు చేస్తారు. మోడు మళ్లీ చిగురిస్తుంది. ఇలా ఇరవై, ఇరవై అయిదేళ్లు. చెరకులో కార్సి తోట నడిపినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. స్వీడన్‌లో తొలినాళ్లలో విల్లో కోయడానికి చెరకు కోసే ఆస్టాఫ్ట్ యంత్రాలనే మార్చి దింపారు కూడా.

సాగులో అసలు గండం మొదటి ఏడాది. గుచ్చిన ముక్క వేరు పట్టి ఆకు వేసేలోగా కలుపు దాన్ని మించి లేస్తుంది. ఆ వేసవిలో కలుపు తీయని తోట తర్వాతి ఇరవై ఏళ్లూ కోలుకోదు. రెండోది తుప్పు తెగులు. మెలాంప్సోరా అనే శిలీంధ్రం ఆకు మీద నారింజ రంగు పొడిలా పట్టి, వేసవి మధ్యలోనే ఆకు రాల్చేస్తుంది. 1980ల్లో ఉత్తర ఐర్లండ్‌లో ఒకే రకంతో నింపిన తోటలు దీనికి బలయ్యాయి. అక్కడి పరిశోధకులు అయిదారు రకాలను ఒకే తోటలో కలిపి నాటి చూశారు, తెగులు మందగించింది. మందు కొట్టడానికి డబ్బు చాలని పంట కాబట్టి ఈ ఉపాయం నిలబడింది. ఆరు మీటర్ల పొదలోకి స్ప్రేయరు తీసుకెళ్లడం ఎలాగూ కుదరని పని.

ఇక స్వీడన్ కథ. 1973 చమురు సంక్షోభం తర్వాత, బొగ్గూ చమురూ లేని ఆ దేశం తన నేల మీదే ఇంధనం పండించుకోవాలనుకుంది. గుస్తాఫ్ సిరేన్ నాయకత్వంలో ఇంధన అడవుల పరిశోధన మొదలైంది. 1987 నుంచి స్వాలోఫ్ వైబుల్ సంస్థ కొత్త రకాల సృష్టికి పూనుకుంది. టోరా, టోర్డిస్ వంటి రకాలు అక్కడివే. 1990 ప్రాంతంలో ధాన్యం మిగులు ఎక్కువై ప్రభుత్వం వ్యవసాయ మద్దతు విధానాన్ని సడలించింది. 1991లో కార్బన్ పన్ను వచ్చింది, అదే ఏడు విల్లో నాటేవారికి హెక్టారుకు 10 వేల క్రోనార్ల సాయమూ వచ్చింది. అయిదారేళ్లలో తోటలు 15 వేల హెక్టార్లు దాటాయి.

ఆ తర్వాత ఆగిపోయాయి. 1995లో స్వీడన్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ధాన్యానికి మళ్లీ ఎకరాల లెక్కన డబ్బు రావడం మొదలైంది, 1996 తర్వాత విల్లో సాయం బాగా తగ్గింది. కొత్తగా నాటేవాళ్లు కరువయ్యారు. ఉన్న తోటలనూ చాలామంది దున్నేశారు.

మొదట చెప్పిన 2.6 టన్నుల గుట్టు ఇక్కడుంది. సాయం నాటినందుకు వచ్చింది, పండించినందుకు కాదు. రైతు తన మంచి నేలలో గోధుమ ఉంచుకుని, ఎందుకూ కొరగాని మూల చెక్కలో విల్లో గుచ్చాడు. ఎరువు వేయలేదు, కలుపు అరకొరగా తీశాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. నాలుగేళ్లకు గాని చేతికి రాని పంట మీద, ఒక్క ఊరి బాయిలరు తప్ప కొనేవాడు లేని పంట మీద, ఎవరైనా అంతే పెట్టుబడి పెడతారు. దీనికి తోడు స్వీడన్‌లో విల్లోకు పోటీ పక్కనే ఉంది. అడవిలో కలప నరికాక మిగిలే కొమ్మలూ రెమ్మలూ, రంపపు మిల్లుల పొట్టూ చవకగా దొరుకుతుంటే, బాయిలరువాడు పొలంలో పండిన కర్రకు ఎక్కువ ధర ఎందుకిస్తాడు?

బ్రిటన్‌లో కథ ఇంకోలా దెబ్బతింది. అక్కడ విల్లో పరిశోధన చాలా పాతది. బ్రిస్టల్ దగ్గరి లాంగ్ ఆష్టన్ కేంద్రంలో 1920లలోనే బుట్టలవారి కోసం రకాలు సేకరించారు. ఆ కేంద్రం మూతపడ్డాక 2003లో ఆ సేకరణ రోథమ్‌స్టెడ్‌కు చేరింది. అంత విత్తన సంపద చేతిలో ఉన్న దేశం దాన్ని కరెంటుగా మార్చడానికి ఎన్నుకున్న మార్గం ఆర్బర్ ప్రాజెక్టు. నార్త్ యార్క్‌షైర్‌లో ఎగ్‌బరో దగ్గర, సుమారు 8 మెగావాట్లు గ్రిడ్‌కు ఇచ్చేలా కట్టారు. కర్రను నేరుగా మండించకుండా, ముందు గ్యాసుగా మార్చి టర్బైను తిప్పే పద్ధతి. కాగితం మీద అది అన్నిటికన్నా సమర్థమైనది, అప్పటికి అన్నిటికన్నా కొత్తది కూడా. చుట్టుపక్కల రైతులు వెయ్యి హెక్టార్లకు పైగా విల్లో వేశారు. యంత్రం సరిగా నడవనే లేదు. 2002లో కంపెనీ దివాలా తీసింది. పొలంలో ఏపుగా పెరిగిన పంట ఉంది, కొనేవాడు లేడు. తర్వాత కొంత కర్ర దగ్గర్లోని డ్రాక్స్ బొగ్గు కేంద్రానికి వెళ్లింది గాని, ఆ ప్రాంతపు రైతుల్లో నమ్మకం పోయింది. ఇరవై ఏళ్ల పంటను ఇంకా రుజువు కాని యంత్రానికి ముడిపెట్టడమే ఆ ప్రాజెక్టు చేసిన పెద్ద పొరపాటని నా అభిప్రాయం. మామూలు బాయిలరు పెట్టి ఉంటే ఇంత ఘోరం జరిగేది కాదు.

బ్రిటన్ ప్రభుత్వం తర్వాత నాటే ఖర్చులో సగం భరిస్తానంది. అయినా విల్లో విస్తీర్ణం మూడు వేల హెక్టార్లకు చేరలేదు. 2007-08లో గోధుమ ధర ఎగబాకినప్పుడు, ఇరవై ఏళ్లు నేలను కట్టిపడేసే పంట ఎందుకు వద్దనుకున్నారో రైతులకు మరింత స్పష్టమైంది. గోధుమలాగా ఏటేటా మార్చుకోగల పంటకూ, మోడు పెకలించడానికే మళ్లీ ఖర్చయ్యే పంటకూ మధ్య ధర ఒక్కటే తేడా కాదు. ధరలు తారుమారైనప్పుడు మనసు మార్చుకునే స్వేచ్ఛకూ ఒక విలువ ఉంది. విల్లో ఆ స్వేచ్ఛను తీసేసుకుంటుంది, దానికి పరిహారం ఎవరూ లెక్క కట్టలేదు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూజ్ అటవీ కళాశాల 1980ల నుంచీ దీని మీద పనిచేసింది. అక్కడ యంత్రాలు బాగుపడ్డాయి. న్యూ హాలండ్ పశుగ్రాసపు కోత యంత్రానికి విల్లో కోసం ప్రత్యేక కోత తల తగిలించి, కోత ఖర్చు తగ్గించారు. ఇలాంటి పంటలో కోతా రవాణా ఖర్చులే పెద్ద భాగం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 2012లో కేంద్ర సాయంతో రాష్ట్రం ఉత్తర భాగంలో కొన్ని వందల హెక్టార్లు వేశారు. ఆ ముక్కలు కొన్న విద్యుత్ కేంద్రాలు తర్వాతి ఏళ్లలో మూతపడ్డాయి. మూడు దేశాలు, మూడు రకాల విధానాలు, చివరికి తోట గట్టు మీద నిలబడ్డ రైతుకు ఎదురైంది మాత్రం ఒకే ప్రశ్న: ఈ కర్ర కొనేదెవరు?

విల్లో శక్తి పరంగా దండగ అనే విమర్శ నిలవదు. సిరక్యూజ్ తోటల మీద 2003లో వచ్చిన అధ్యయనం ప్రకారం, సాగుకు ఖర్చయిన ఒక పాలు శిలాజ ఇంధనానికి పొలం గట్టు దగ్గర 55 పాళ్ల శక్తి చేతికొచ్చింది. దాన్ని కరెంటుగా మార్చాక కూడా పది పాళ్లకు తగ్గలేదు. మొక్కజొన్న ఇథనాల్‌తో పోల్చితే ఇది ఎక్కడో ఉంది. కారణం తేలిక. ఒకసారి నాటితే ఇరవై ఏళ్లు దుక్కి లేదు, ఎరువు కొద్దిగా చాలు, రాలిన ఆకులోని పోషకాలు అక్కడే ఉండిపోతాయి.

నేల పరంగా చూస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. హెక్టారుకు పది టన్నులే వచ్చిందనుకుందాం. అందులోని వేడి సుమారు 50 వేల యూనిట్లు. ముప్ఫై శాతం సామర్థ్యంతో కరెంటు తీస్తే 15 వేల యూనిట్లు. అదే హెక్టారులో, ఇంగ్లండు లాంటి మబ్బు దేశంలోనే, సౌర పలకలు వేస్తే ఏటా నాలుగైదు లక్షల యూనిట్లు వస్తాయి. ముప్ఫై రెట్ల తేడా. ఆకు ఎంత గొప్పదైనా సూర్యకాంతిలో ఒక శాతం దాచుకోవడమే దానికి గగనం. కాబట్టి కరెంటు కోసమే విల్లో వేయాలనే వాదన నా దృష్టిలో ముగిసిపోయింది. మిగిలింది వేడి. జనవరి రాత్రి స్వీడన్ పట్టణానికి కావలసింది వేడి. సౌర పలక అప్పుడు ఇవ్వలేదు, కర్ర కుప్ప ఇస్తుంది. స్వీడన్ పట్టణాల్లో ఇంటింటికీ వేడినీటి గొట్టాలున్నాయి గనుక ఒకే బాయిలరు నుంచి కరెంటూ వేడీ రెండూ తీసి, కర్రలోని శక్తిని చాలావరకు వాడుకోగలరు. బ్రిటన్‌లో ఆ గొట్టాలు అరుదు. ఆర్బర్ వెనక ఉన్న అసలు లోపం అదేనేమో.

కుప్ప అన్నాం గాని, అదీ తేలికైన వ్యవహారం కాదు. కోసిన విల్లోలో సగానికి పైగా నీరే. ముక్కలు చేసి పోగేస్తే కొద్ది రోజుల్లో లోపల వేడెక్కుతుంది, బూజు పడుతుంది, బరువు తరుగుతుంది. చొప్ప కుప్ప తడిసి కుమిలిపోవడం చూసినవాళ్లకు ఇది వింత కాదు.

కార్బన్ విషయంలో పోట్లాట ఇంకా ఆగలేదు. దున్నిన నేలలో విల్లో వేస్తే నేలలో సేంద్రియం పెరిగే అవకాశం ఉంది. పచ్చిక బయలు చెడగొట్టి వేస్తే మొదట్లో తరుగుతుంది. అంతకన్నా పెద్ద ప్రశ్నను 2008లో టిమ్ సెర్చింజర్ బృందం ‘సైన్స్’ పత్రికలో మొక్కజొన్న ఇథనాల్ విషయంగా లేవనెత్తింది: ఇక్కడ తిండి పంట తీసి ఇంధన పంట వేస్తే, ఆ తిండి కోసం ఇంకెక్కడో అడవి నరకరా? విల్లోకూ ఈ ప్రశ్న తప్పదు. మంచి నేలలో వేస్తే ప్రశ్న బలంగా తగులుతుంది, పనికిరాని నేలలో వేస్తే దిగుబడి 2.6 టన్నులవుతుంది. ఇంధన పంటల ప్రచారంలో ‘బీడు భూముల్లో భారీ దిగుబడి’ అనే మాట వినిపించినప్పుడల్లా ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇంత చెప్పాక, విల్లో బాగా నిలదొక్కుకున్న చోటుకు వెళ్దాం. స్టాక్‌హోమ్‌కు వాయవ్యంగా ఎన్‌చోపింగ్ అనే పట్టణం, జనాభా ఇరవై వేల పైచిలుకు. ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రంలో బురద పిండగా వచ్చే నీటిలో నత్రజని మహా గాఢంగా ఉంటుంది. కేంద్రానికి వచ్చే మొత్తం నత్రజనిలో దాదాపు నాలుగో వంతు ఆ కొద్ది నీటిలోనే ఉంటుంది. దాన్ని శుద్ధి చేయడానికి కరెంటు, ఖర్చు. ఊరివాళ్లు ఆ నీటిని చలికాలమంతా చెరువుల్లో నిలవచేసి, వేసవిలో పక్కనున్న 75 హెక్టార్ల విల్లో తోటకు గొట్టాలతో పారిస్తారు. విల్లో నీరు బాగా తాగుతుంది, నత్రజనినీ బాగా పీల్చుకుంటుంది. మూడు నాలుగేళ్లకోసారి కోసిన కర్ర ఊరి వేడి, విద్యుత్ కేంద్రానికి పోతుంది. బూడిద మళ్లీ పొలానికి వస్తుంది. రైతుకు ఎరువు ఖర్చు లేదు, పురపాలికకు శుద్ధి ఖర్చు తగ్గింది, కేంద్రానికి ఇంధనం దొరికింది. తోటకు కర్ర ధర ఒక్కటే కాదు, మురుగు మోసినందుకూ విలువ కడుతున్నారు.

విల్లో వేరు కాడ్మియంను కూడా నేల నుంచి లాగుతుంది. ఫాస్ఫేటు ఎరువులతో దశాబ్దాలుగా పేరుకున్న ఈ లోహం స్వీడన్ పొలాలకు పెద్ద బెడద. కర్ర మండినప్పుడు అది ఎక్కువగా పొగతో ఎగిరే సన్న బూడిదలో చేరుతుంది. ఆ బూడిదను వేరుచేసి దూరంగా పారేస్తే, అడుగు బూడిదను పొలానికి వాడుకోవచ్చు. డెన్మార్క్‌లో మురుగు కాలువలు చేరని పల్లె ఇళ్లకు ఇంకో ఉపాయం ఉంది. అడుగున నీరింకని పొర పరిచిన గుంటలో విల్లో వేసి ఇంటి మురుగంతా అందులోకి వదులుతారు. ఏడాదికి పడిన వాననూ, వచ్చిన మురుగునూ తోట ఆవిరి చేసేస్తుంది. ఒక్క చుక్క బయటికి పోదు. అక్కడ కర్ర వస్తే వచ్చింది, లేకపోతే లేదు. సిరక్యూజ్ వాళ్లు కూడా పాత సోడా ఫ్యాక్టరీ వ్యర్థాల దిబ్బల మీద ఇదే పని కోసం విల్లో పెంచారు, రోడ్ల పక్కన మంచు అడ్డుకునే కంచెలుగానూ నాటారు.

విల్లోకు అసలు బలం ఈ తాగుబోతుతనమే. అదే దాని లోపం కూడా. పొలం కింద మురుగు పారే మట్టి గొట్టాల్లోకి వేళ్లు దూరి పూడ్చేస్తాయి. వాన తక్కువ చోట పక్క వాగు నీరు తగ్గుతుందన్న భయం న్యాయమైనదే. పక్షులూ తేనెటీగల విషయంలో మాత్రం ఫిర్యాదుకు తావులేదు. వసంతారంభంలో ఏ పువ్వూ లేనప్పుడు విల్లో పూతే తేనెటీగలకు తొలి మేత.

విల్లో మన ఎండలకు పంట కాదు, తెలుగు నేలకు దాన్ని తెచ్చి వేయాలనే ఆలోచన అక్కర్లేదు. కానీ స్వల్పకాలపు కర్ర తోటల విషయంలో మనం స్వీడన్ కన్నా అనుభవజ్ఞులం. భద్రాచలం దగ్గర సారపాక కాగితం మిల్లు 1990ల నుంచి జామాయిల్ క్లోన్లు పంచింది. ఖమ్మం, కృష్ణా, ప్రకాశం జిల్లాల్లో జామాయిల్, సుబాబుల్, కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు లక్షల ఎకరాల్లో పెరిగాయి. నరికితే మళ్లీ పిలకేసే తత్వం జామాయిల్‌కూ సుబాబుల్‌కూ ఉంది. నందిగామ వైపు రైతు నాలుగేళ్లు తోట వదిలేసి, మిల్లు లారీ వచ్చినప్పుడు డబ్బు చూసుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇక్కడ ఈ తోటలు పాకడానికి కారణం ఇంధనం కాదు, గుజ్జు. కాగితం మిల్లు ఇచ్చే ధర బాయిలరు ఇవ్వలేదు. మిల్లు కొన్నంతకాలం తోట పెరిగింది. మిల్లులు ధర తగ్గించినప్పుడు, కొనుగోలు ఆపినప్పుడు, సుబాబుల్ రైతులు మార్కెట్ యార్డుల ముందు ధర్నాలు చేశారు. ఎగ్‌బరో రైతుల గోడుకూ వీళ్ల గోడుకూ భాష ఒక్కటే తేడా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, పత్తికట్టె, సర్కారు తుమ్మ మండించే నాలుగైదు మెగావాట్ల చిన్న కేంద్రాలు 2000 ప్రాంతంలో చాలా వెలిశాయి. ఊకకు గిరాకీ పెరిగి ధర పెరిగింది, కరెంటుకిచ్చే ధర మీద వివాదాలు వచ్చాయి, ఎన్నో మూతపడ్డాయి. వాటి కోసం ప్రత్యేకంగా తోట వేసిన రైతు అరుదు. వేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. 2021లో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు కేంద్రాలు 5 శాతం జీవ ఇంధనపు గుళికలు కలిపి మండించాలంది. ఆ గుళికలకు ముడిసరుకు ప్రధానంగా పంట వ్యర్థాలు. ఎందుకూ అమ్ముడుపోని వరిగడ్డి మిగిలినంతకాలం, నాలుగేళ్లు ఆగి కోసే కర్రకు ఆ బజారులో చోటు దొరకదు. స్వీడన్‌లో అడవి కొమ్మలు విల్లోకు చేసినదే ఇక్కడ వరిగడ్డి చేస్తుంది.

బ్రిటన్ వాతావరణ సలహా సంఘం 2020లో ఇంధన పంటలను ఏటా 23 వేల హెక్టార్ల చొప్పున పెంచాలని సూచించింది. అందులో విల్లోతో పాటు మిస్కాంథస్ గడ్డి కూడా ఉంది. ముప్ఫై ఏళ్ల కష్టం మీద విల్లో మూడు వేలు దాటని దేశం అది. ఎకరాల లక్ష్యం పెట్టేముందు ఎన్ని పురపాలికలు తమ మురుగు నత్రజనిని పొలానికి ఇస్తాయో, ఎన్ని నదుల్లోకి నైట్రేటు పారకుండా ఆపినందుకు నీటి సంస్థ రైతుకు డబ్బిస్తుందో, ఎన్ని ఆసుపత్రులూ బళ్లూ పదిహేనేళ్ల ఒప్పందంతో బాయిలరు పెట్టుకుంటాయో తేల్చుకోవాలి. ఆ జాబితా చేతికొచ్చాక, దాని చుట్టూ లారీ రాకపోకలు గిట్టుబాటయ్యే దూరంలో ఎన్ని హెక్టార్లు పడతాయో రైతులే చెబుతారు.